సగం చెవి పెట్టి చూసే కామెడీ

"ఒకప్పుడు మస్తు నవ్వొచ్చేది, ఇప్పుడు వస్తలేదు." నల్లగొండ గడియారం సెంటర్ల చాయ్ తాగేటోళ్లను అడిగినా, జడ్చర్ల బస్టాండ్ల బస్సు కోసం కూసున్నోళ్లను అడిగినా టీవీ కామెడీ గురించి మొదటి మాట ఇదే ఉంటది. దాని వెనుక ఇంకొన్ని వస్తయి. "అదే అదే తిప్పి తిప్పి చూపిస్తున్నరు." "ఇంటిల్లిపాది కూసోని చూసేటట్టు లేదు." "ప్రోమోల ఉన్నదే ఉన్నది." "మొదట్ల నచ్చలే, చూడంగ చూడంగ అలవాటయింది."

ఈ మాటలను రంగంల ఉన్నోళ్లు పెద్దగ పట్టించుకోరు. ఊకె చూసేటోళ్లకు ఏం తెలుసు అంటరు. నేను దీనికి ఎదురు వాదిస్త. ఊకె చూసేటోడే టీవీ కామెడీకి అసలు తీర్పరి. కడుపునొప్పితోని దవాఖానకు పోయినోడు జబ్బు పేరు తప్పు చెప్తడేమో గని, నొప్పి ఉన్న చోటు తప్పు చెప్పడు. ప్రేక్షకుని మాట కూడ అట్లాంటిదే. ఆయన చెప్పే కారణాన్ని పక్కకు పెట్టి, చెయ్యి పెట్టి చూపిస్తున్న చోటును పట్టుకోవాలె.

మొదలు, టీవీని జనం ఎట్ల చూస్తరో ఒప్పుకోవాలె. సినిమా హాలుల మనిషి చీకట్ల కూసుంటడు, కండ్లు తెర మీదనే ఉంటయి. ఇంట్ల అట్ల కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఒకరు అన్నం తింటుంటరు, ఒకరు గిన్నెలు తోముతుంటరు, పిల్లగాడు హోంవర్క్ రాస్తుంటడు, పెద్దాయన మంచం మీద ఒరిగి ఉంటడు. అందరి పక్కన ఒక ఫోన్. పైన ఫ్యాన్ చప్పుడు, రేకుల ఇల్లయితే వాన పడ్డప్పుడు సగం మాటలు వినపడయి. చెవి సగం, కన్ను పావు, అంతే మనకు దొరికే ధ్యాస. టీవీల నిలబడ్డ కామెడీలన్ని ఆ కొంచెం ధ్యాసకు సరిపోయేటట్టు కట్టినయే. సినిమా లెక్క మొత్తం ధ్యాస అడిగినయి ఎంత బాగ తీసినా జారిపోయినయి.

వ్యవసాయం చేసే ఇండ్లకు ఇంకో లెక్క ఉండె. తెలంగాణల 24 గంటల వ్యవసాయ కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైంది. అంతకు ముందు కరెంటు విడతల వారీగ వచ్చేది, రాత్రి విడత పడితే బోరు కాడికి లేచి పోవాలె. అట్లాంటి ఇంట్ల అరగంట కథను మొదటి నుంచి చివరి దాక కదలకుండ చూసుడు అయ్యే పని కాదు. ఎనిమిది పది నిమిషాలల్ల మొదలై అయిపోయే స్కిట్ అయితే చూడొచ్చు. 2013 ఫిబ్రవరిల ఈటీవీల మొదలైన 'జబర్దస్త్' ఊర్లల్లకు అంత తొందరగ పోయిందంటే, నా లెక్కల జోకుల కన్న ముందు చెప్పాల్సిన కారణం ఈ కొలతే. ఒక స్కిట్ పోయినా ఇంకోటి దొరుకుతది. నడుమ లేచి పోయినోడు వచ్చి కూసుంటే ఏం జరిగిందని ఎవరినీ అడగాల్సిన పని లేదు. 2016 సెప్టెంబర్ల జియో వచ్చి ఫోన్ల డేటా చవక అయినంక అదే కొలత యూట్యూబ్‌కు కూడ అచ్చంగ సరిపోయింది.

రేటింగులు ఉన్నయి గద, జనం మాటలెందుకు అంటరు కొందరు. టీఆర్పీ అని మనం పిలిచే లెక్కను ఇప్పుడు బార్క్ అనే సంస్థ ఇస్తది. దేశం మొత్తం మీద 50 వేల పైచిలుకు ఇండ్లల్ల మీటర్లు ఉన్నయి. ఛానెల్ శబ్దంల చెవికి దొరకని గుర్తు ఒకటి కలిపి పంపుతరు, మీటరు దాన్ని పట్టుకొని ఏ ఛానెల్ నడుస్తుందో రాసుకుంటది. ఇంట్ల ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క బటన్ ఉంటది, టీవీ ముందు కూసున్నప్పుడు నొక్కాలె, లేచినప్పుడు మళ్ల నొక్కాలె. ఎంత మంది, ఎన్ని నిమిషాలు, ఇదే దాని పని. నవ్విన్రా లేదా అన్నది దాంట్ల రాదు. ఆవలించినోడు, పొట్ట పట్టుకొని నవ్వినోడు ఇద్దరూ ఆ లెక్కల ఒక్కటే. పైగ 2015 అక్టోబర్ల పల్లెలను కలిపే దాక ఆ లెక్క పట్నాలదే. అంటే అంతకు ముందే అయిపోయిన 'అమృతం' అనే కామెడీ ధారావాహిక నడిచినన్ని రోజులు దేవరకొండ, అచ్చంపేట చుట్టుపక్కల ఊర్లల్ల జనం దాన్ని ఎట్ల చూసిన్రో ఏ మీటరూ రాసుకోలే. ఆ ఊర్ల అభిప్రాయం నోటి మాటలనే ఉంది. అందుకే ఆ నోటి మాటను తక్కువ చేసి చూడొద్దంటున్న.

'అమృతం' సంగతి కొంచెం విప్పి చూడాలె, ఎందుకంటే టీవీ కామెడీ ఎట్ల నిలబడుతదో తెలుగుల దానికన్న మంచి పాఠం లేదు. గుణ్ణం గంగరాజు తయారు చేసిన ఈ ధారావాహిక జెమినీ టీవీల 2001 నవంబర్ 18న మొదలై 2007 నవంబర్ దాక నడిచింది. మొత్తం 313 ఎపిసోడ్లు. దాంట్ల అమృతం పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు వేసిన్రు. పేరు పెట్టుకున్న పాత్రకే మనిషి మారిండు, అయినా జనం లేచి పోలే. స్కిట్ కార్యక్రమాలల్ల అయితే ఒక టీం లీడర్ పోతే ఆయనను చూసేటోళ్లు ఆయన వెనుకనే పోతరు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

వారం తర్వాత ప్రేక్షకునికి ఏ పేరు యాదికుంటదో అడగండి, జవాబు అక్కడనే దొరుకుతది. స్కిట్ చూసినోడు నటుని పేరు చెప్తడు. స్కిట్ల పాత్రకు ఏం పేరు పెట్టిన్రో చెప్పలేడు. 'అమృతం' చూసినోడు అంజి అంటడు, అప్పాజీ అంటడు, సర్వం అంటడు. గుండు హనుమంతరావు అంజి అయిపోయిండు, శివన్నారాయణ అప్పాజీ అయిపోయిండు, వాసు ఇంటూరి సర్వం అయిపోయిండు. ఒక్కొక్కరికి ఒక్కటే కోరిక, ఒక్కటే బలహీనత. అమృతానికి ఎప్పుడూ ఒక కొత్త ఉపాయం. అంజికి ఆ ఉపాయంల ఇరుకుతమన్న భయం, అయినా పోకుండ ఉండలేని స్నేహం. ఇంటి ఓనర్ అప్పాజీకి పైసలు. వంటింట్ల గిన్నె తోమేటామెకు తెర కనపడకున్నా అప్పాజీ గొంతు వినపడంగనే ఇప్పుడు ఏం గొడవ మొదలైతదో తెలుసు. కోదాడ నుంచి మిమిక్రీతోని మొదలుపెట్టి సినిమాలకు పోయిన వేణుమాధవ్ గొంతు కూడ అట్లనే, ముఖం చూడకుండనే మనిషి తెలిసిపోతడు. సగం చెవికి కావాల్సింది ఇదే, ముందే తెలిసిన మనిషి మళ్ల వచ్చుడు.

ఇది టీవీ కనిపెట్టిన విద్య కాదు. తోలుబొమ్మలాటల రామాయణం ఆడినా భారతం ఆడినా నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వస్తనే ఉంటరు. కథ మారుతది, వాళ్లు మారరు. బుర్రకథల ఒక వంత హాస్యానికే ఉంటడు, కథ బరువెక్కినప్పుడు అడ్డం పడి ఒక మాట అంటడు. ఇక మన తెలంగాణ పిట్టల దొర ఉన్నడు, లత్కోర్ సాబ్ అని కూడ అంటరు. ఖాకీ లాగు, నెత్తి మీద టోపీ, చేతిల కట్టె తుపాకి. నోరు తెరవక ముందే ఆయన ఎవరో తెలిసిపోతది. ఏమీ లేని మనిషి లక్షలు, కోట్లు, మేడలు, పెండ్లిళ్ల గురించి కోతలు కోస్తుంటడు. రెండో మాట మొదటి మాటను కొట్టేస్తది. అంగట్ల బేరం చేసుకుంట ఉన్నోడు, బస్సు కోసం నిలబడ్డోడు సగం చెవి పెట్టి విన్నా నవ్వు వస్తది. టీవీ కంటే ముందు నుంచే మనకు సగం ధ్యాసతోని వినే జనాన్ని నవ్వించే విద్య ఉంది. టీవీ కామెడీ రాసేటోళ్లు దాన్ని ఓపికగ చదువుకోవాలె.

ఇప్పుడు మొదటి ఫిర్యాదుకు వద్దం. నవ్వు ఎందుకు వస్తలేదు? జనం చెప్పే కారణం, యాక్టర్లకు పైసలు ఎక్కువైనయి, పట్టింపు పోయింది అని. ఆ కారణం తప్పు, కాని నొప్పి నిజం. లెక్క వెయ్యండి. వారానికి ఆరు స్కిట్లు వేసే కార్యక్రమానికి ఏడాదికి 312 స్కిట్లు కావాలె. 'అమృతం' ఆరేండ్లల్ల వాడుకున్నన్ని కథలను అది ఒక్క ఏడాదిల మింగుతది. 2014ల 'ఎక్స్‌ట్రా జబర్దస్త్' కూడ మొదలైనంక ఆ ఆకలి రెండింతలైంది. అమృతం ఎపిసోడ్‌కు తెలిసిన మనుషులు, తెలిసిన హోటల్ ముందే సిద్ధంగ ఉంటయి, కొత్త చిక్కు ఒక్కటి రాస్తే చాలు. స్కిట్‌కు అట్ల కాదు, ప్రతిసారి కొత్త ఊరు, కొత్త ఇల్లు, కొత్త మనుషులు కట్టి, ఎవరు ఎవరికి ఏమైతరో రెండు నిమిషాలల్ల చెప్పి, మిగిలిన ఆరు నిమిషాలల్ల నవ్వించాలె. వారం వారం ఈ పని చేస్తే ఎంత మంచి రచయితకైనా గోలెం అడుగు కనపడుతది.

అడుగు కనపడ్డప్పుడు ఏం జరుగుతదో కూడ ఒక వరుస ఉంది. మొదలు కథ పోతది, స్కిట్ అంటే వరుసగ నిలబడి ఒకరి మీద ఒకరు పంచులు వేసుకునుడు అయితది. తర్వాత ఆ పంచులు పాత్ర మీద కాకుండ నటుని మీదికి పోతయి, ఆయన రంగు, ఎత్తు, లావు, పెండ్లి కాకపోవుడు. ఆ తర్వాత కార్యక్రమం తన గురించి తనే మాట్లాడుకునుడు మొదలైతది, యాంకర్‌కు టీం లీడర్‌కు ప్రేమ అనుడు, జడ్జి మీద జోకు, పోయిన వారం స్కిట్ మీద జోకు. చివరికి పండుగ స్పెషల్, సినిమా వాళ్లు అతిథులుగ వచ్చుడు, పాటలు. ఒక్కొక్క మెట్టు దిగుతుంటే కొత్తగ చూసేటోడు బయటికి పోతుంటడు, ఎందుకంటే పాత సంగతులు తెల్వకుంటే ఆ జోకు ఆయనకు తగలదు. పాతోళ్లు ఇంకొన్నాళ్లు అలవాటుతోని చూస్తరు, మీటరు కదలదు. నోటి మాట మాత్రం అప్పటికే మారి ఉంటది.

ఛానెల్ వాళ్లు దీనికి మందుగ కొత్త టీంలను దింపుతరు. నా దృష్టిల అది సరిపోదు. ఏడాదికి రెండు సార్లు ఆరు ఆరు వారాలు ఆపి రచయితలకు సమయం ఇయ్యాలె. ఒక్కొక్క టీం మూడు నాలుగు స్థిరమైన పాత్రలను పెట్టుకొని నెలకు ఒక్కసారన్నా వాళ్లనే తేవాలె. రచయితకు వేరేగ పేరు, వేరేగ కూలి ఉండాలె. టీం లీడరే రాసి, ఆడి, మిగిలినోళ్లకు పైసలు పంచే పద్ధతిల మొదట అలిసిపోయేది రాసే చెయ్యే.

"అదే అదే చూపిస్తున్నరు" అన్న మాటల ఒక చిక్కు ఉంది. జనం ఒక దిక్కు ఇట్ల అంటరు, ఇంకో దిక్కు పాత 'అమృతం' ఎపిసోడ్‌ను యూట్యూబ్‌ల పదోసారి చూస్తరు. వాళ్లు అబద్ధం ఆడుతలేరు. మనిషి మళ్ల వస్తే సంతోషం, మాట మళ్ల వస్తే విసుగు. అప్పాజీ పైసల కాడ ప్రతిసారి అప్పాజీ లెక్కనే ఉంటడు, కాని ఈసారి ఏ దారిల వచ్చి ఇరుక్కుంటడో మనకు తెల్వదు. అదే ఒక నటుడు ప్రతి వారం ఒకే ఊతపదం అంటే మూడో వారానికి చెవి దాన్ని వినుడు ఆపేస్తది. ఊతపదం పెట్టుకోవద్దని కాదు. ఒక ఎపిసోడ్‌ల ఒక్కసారి, అదీ అనుకోని చోట పడాలె.

ఇంటిల్లిపాది చూడలేమన్న ఫిర్యాదు మీద చర్చలు చాన జరిగినయి, సంస్కృతి, సెన్సార్ అని. రాసేటోని బల్ల కాడికి పోయి చూస్తే అది ముందు సమయం సమస్య. మంచి జోకుకు పునాది కావాలె, ఎవరు, ఏం కావాలె, ఏం అడ్డం వచ్చింది అని కనీసం అర నిమిషం కట్టాలె. రెండర్థాల మాటకు ఏ పునాదీ అవసరం లేదు, ఎవరి నోట పెట్టినా ఒక చప్పుడు వస్తది. రాత్రికి రాత్రి రాసేటప్పుడు చెయ్యి దాని దిక్కు పోతది. మగవాళ్లు ఆడవేషం వేసుడు కూడ సగం అట్లనే తయారైంది. పగటి వేషాలల్ల, వీధి నాటకాలల్ల ఆ వేషానికి పాత్ర ఉండేది. స్కిట్‌ల చాన సార్లు చీర కట్టుడే జోకు అయి ఊకుంది. కోడలు, అత్త, పదేండ్ల పిల్ల ఒక్క గదిల కూసున్న ఇంట్ల అట్లాంటి మాట పడంగనే రిమోట్ ఎవరి చేతిల ఉందో వాళ్లు ఛానెల్ మారుస్తరు. అట్ల పోయిన ఇల్లు మళ్ల వచ్చుడు కష్టం.

ప్రోమో గురించి ఒక్క మాట. అయిదు స్కిట్లల్ల అయిదు మంచి పంచులు ఉంటే అయిదింటినీ రెండు నిమిషాల ప్రోమోల పెడుతరు. పంచు బలం దాని ముందున్న ఎదురుచూపుల ఉంటది. ప్రోమోల పంచు విన్నోడు ఎపిసోడ్‌ల ఆ ఎదురుచూపును గుర్తుపట్టి ముందే అయిపోగొట్టుకుంటడు. ప్రోమోల చిక్కు చూపించాలె, విడుపు చూపించొద్దు.

నవ్వు చప్పుడు సంగతికి వస్తే, జనం "వాళ్లే నవ్వుకుంటున్నరు, మనకు వస్తలేదు" అంటరు. అమెరికాల 1951ల మొదలైన 'ఐ లవ్ లూసీ' మూడు ఫిల్మ్ కెమెరాలతోని, ఎదురుంగ జనాన్ని కూసోబెట్టి తీసిన్రు. ఒకటే ఆటను మూడు దిక్కుల నుంచి ఒకేసారి పట్టినందుకు జనం నవ్వు, నటుడు ఆగిన సమయం రెండూ చెడకుండ ఉన్నయి. తర్వాత చార్లీ డగ్లస్ అనే శబ్ద ఇంజనీరు దాచిపెట్టిన నవ్వులను మీటలు నొక్కి కలిపే యంత్రం తయారు చేసిండు. మన స్కిట్ కార్యక్రమాలల్ల ఆ పని జడ్జి నవ్వు చేస్తది. నాగబాబు, రోజా నవ్వులు ఇంటింటికి తెలిసింది అందుకే.

ఆ నవ్వుకు ఒక పని ఉంది. అన్నం తింటున్నోనికి, ఫోన్ చూస్తున్నోనికి "తల ఎత్తు, ఇప్పుడు ఏదో అయింది" అని చెప్పే గంట అది. ఆ గంట విని తల ఎత్తినప్పుడు నిజంగ ఏదో ఉండాలె. ఏమీ లేకుండ మూడు సార్లు కొడితే నాలుగోసారి ఎవరూ తల ఎత్తరు, అసలు పంచు పడ్డప్పుడు కూడ ఎత్తరు. ఎడిటింగ్‌ల జరిగే ఇంకో తప్పు, నవ్వును తర్వాతి మాట మీదికి సాగదీసుడు. ఫ్యాన్ చప్పుళ్ల వినేటోనికి ఆ మాట పోతది. ఆ మాటనే తర్వాతి పంచుకు పునాది అయితే రెండూ పోయినట్టే. ప్రతి డైలాగుకు ఒక "టింగ్", ఒక డప్పు దెబ్బ వేసుడు కూడ ఇదే జబ్బు. మాటకు మాటకు నడుమ ఉన్న మౌనమే నవ్వు పుట్టే జాగ, దాన్ని చప్పుడుతోని నింపొద్దు.

"మొదట్ల నచ్చలే, తర్వాత అలవాటయింది" అన్న మాట నాకు అన్నిటికన్న విలువైంది. పాత్రలతోని నడిచే కామెడీకి నాలుగైదు వారాలు పరిచయానికే పోతయి. అప్పటి దాక జోకు జోకే, తర్వాత అది ఆ మనిషి స్వభావం అయితది. అమెరికాల 'సైన్‌ఫెల్డ్' మొదటి ఎపిసోడ్ 1989 జులైల వచ్చింది, తర్వాత 1990ల నాలుగు ఎపిసోడ్లే వేసిన్రు. అదే 1998 దాక 180 ఎపిసోడ్లు నడిచింది. 'ది ఆఫీస్' అమెరికా రూపం 2005ల ఆరు ఎపిసోడ్లతోని చిన్నగ మొదలై 2013 దాక సాగింది. ఛానెల్ ఓపిక పట్టింది గనుక జనానికి ఆ మనుషులతోని సోపతి కుదిరింది. తెలుగుల కొత్త పాత్రల కామెడీకి అంత ఓపిక దొరకదు. నాలుగు వారాలల్ల రేటింగ్ రాకుంటే సమయం మారుస్తరు, సమయం మారితే ఉన్నోళ్లకు కూడ ఎప్పుడొస్తదో తెల్వదు. దాన్ని ఆపినోళ్లు "జనానికి పాత్రల కామెడీ ఎక్కుతలేదు" అంటరు. ఆ మాట నేను ఒప్పుకోను.

యాస గురించి ఈ దిక్కు మాట్లాడకుండ ఉండలేం. "మన యాసను ఎక్కిరిస్తున్నరు" అన్న బాధ నల్లగొండల, పాలమూరుల చాన పాతది. పనిమనిషికి, రౌడీకి, తెలివి లేనోనికి తెలంగాణ మాట పెట్టుడు ఏండ్ల తరబడి నడిచింది. వీ6 ఛానెల్ తీన్మార్ వార్తలల్ల సావిత్రక్క, బిత్తిరి సత్తి వచ్చినంక ఆ మాటనే వార్త చదివే మాట అయింది. సత్తి అమాయకంగ అడిగే ప్రశ్నల బలం ఉండె, నవ్వు ఆ ప్రశ్న మీదికి పోయేది. గౌరవానికి, ఎక్కిరింతకు తేడా తెలుసుకునే పరీక్ష ఒకటి ఉంది. ఆ జోకును గుంటూరు మాటలకు మార్చి చెప్పి చూడండి. నవ్వు మిగిలితే అది జోకు. పోతే, ఇంత సేపు యాసను చూసి నవ్విన్రు, అంతే.

ఇంకో చిన్న తప్పు చాన చోట్ల కనపడుతది. ఒకే ఇంట్ల అన్న "ఎప్పుడొచ్చిండు" అంటడు, చెల్లె "ఎప్పుడచ్చిండు" అంటది. నల్లగొండ దిక్కు మాట, కరీంనగర్ దిక్కు మాట ఒక్క పొయ్యి కాడ పుట్టవు. హైదరాబాద్ స్టూడియోల "తెలంగాణ యాస" అని ఒక్కటే రకం అనుకొని రాస్తరు. సగం చెవితోని వినే పెద్దమ్మకు కూడ ఆ తేడా తగులుతది, ఎందుకో చెప్పలేకపోయినా "వీళ్లు మనోళ్లు కాదు" అని తెలిసిపోతది. రాసేటప్పుడే ఇల్లు ఏ మండలంల ఉందో అనుకొని, అందరి మాట అక్కడికి దించాలె.

తెలుగు వాక్యంతోని ఇంకో కష్టం ఉంది. మన క్రియ చివర వస్తది. నవ్వించే మాట క్రియకు ముందు పడి దాని కింద నలిగిపోతది. "మా బావ రోజు కూలికి పోయి హైదరాబాద్ల నాలుగంతస్తుల బిల్డింగు కట్టిండు." ఇట్ల చెప్తే ఇది సమాచారం. దాన్నే విడగొట్టండి. "మా బావ హైదరాబాద్ల నాలుగంతస్తుల బిల్డింగు కట్టిండు." "అబ్బా, మస్తు సంపాయించినట్టుండు!" "ఏడ? దినాం కూలి తొమ్మిదొందలే." నవ్వించే మాట ఆఖరుకు వచ్చింది, దాని తర్వాత క్రియ లేదు. నడుమ ఇంకో మనిషి తప్పుగ అర్థం చేసుకున్నడు, ప్రేక్షకుడు కూడ ఆయనతోని కలిసి తప్పు దారి పట్టిండు. పాలమూరు నుంచి కూలికి పోయే ఏ ఇంట్లనైనా ఈ జోకు తగులుతది, అయినా బావ మర్యాద పోదు. కట్టింది నిజంగనే ఆయన గద.

ఇప్పుడు మిర్యాలగూడల, వనపర్తిల, నాగర్‌కర్నూల్ల ఎంతో మంది పిల్లలు ఫోన్‌తోనే కామెడీ వీడియోలు తీస్తున్నరు. టీవీల ఆగిపోయిన పాత్రల కామెడీ మళ్ల మొలిచేది ఇక్కడనే అని నాకు ఆశ. కరీంనగర్ దిక్కు లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' గంగవ్వను తెలుగోళ్లందరికీ చూపించింది, దక్షిణం దిక్కు కూడ అట్లాంటిది రావాలె. వీళ్లు ముందు కెమెరా కొనాలనుకుంటరు, కొనాల్సింది మైకు. బొమ్మ మసకగ ఉన్నా జనం చూస్తరు, మాట తెలియకుంటే చూడరు. కాలర్ మైకును గదువకు ఒక జానెడు కింద పెట్టాలె, బట్ట రాసుకోకుండ టేపు వెయ్యాలె. షూటింగ్ గదిల ఫ్యాన్, ఫ్రిజ్ ఆపాలె. ఆరుబయట అయితే మైకుకు గాలి ఆపే బొచ్చు తొడుగు పెట్టాలె, గుడి మైకు, ట్రాక్టర్ లేని పొద్దు చూసుకోవాలె. మాటలు అయినంక అదే జాగల అందరూ నిశ్శబ్దంగ నిలబడి 30 సెకన్ల ఖాళీ శబ్దం రికార్డు చేసి పెట్టుకుంటే, ఎడిటింగ్‌ల కత్తిరించిన చోట చెవికి గుంత తగలదు.

పది నిమిషాల వీడియోకు నలుగురి కన్న ఎక్కువ మనుషులు వద్దు, రెండు జాగల కన్న ఎక్కువ వద్దు. కాగితం బయటికి చదివితే ఏడు నిమిషాలు వస్తే ఆడేటప్పుడు పది దాక పోతది. మొదటి అర నిమిషంల ఎవరికి ఏం కావాల్నో తెలిసిపోవాలె, పిట్టల దొర టోపీ లెక్క. ముందు మొత్తం సీను దూరం నుంచి ఆపకుండ ఆడి తియ్యాలె, తర్వాత దగ్గరి షాట్లు. అన్న మాట కన్న విన్నోని ముఖం ముఖ్యం గనుక ప్రతి పంచుకు వినేటోని ముఖం ఒకటి తీసి పెట్టుకోవాలె. పంచు తర్వాత ఒక సెకను ఆగినంకనే కొయ్యాలె, భయపడి ముందే కోస్తే నవ్వుకు జాగ ఉండదు. అయిపోయినంక రెండు పరీక్షలు. తెర బోర్ల వేసి ఒట్టి మాటలు వినండి, కథ తెలవాలె. చప్పుడు బంద్ చేసి బొమ్మ ఒక్కటే చూడండి, ఎవరు ఎవరి మీద కోపంగ ఉన్నరో తెలవాలె. రెండిట్ల ఒకటన్నా పాస్ కాకుంటే అది ఇంట్ల నిలబడది.

ఆఖరుకు జనాన్ని అడిగే పద్ధతి. "నవ్వొచ్చిందా అక్కా?" అని అడిగితే మర్యాదకు వచ్చిందనే అంటరు. సోపతిగాళ్లకు చూపిస్తే ఇంకా లాభం లేదు, వాళ్లు మిమ్మల్ని చూసి నవ్వుతరు. వేరే వాడకట్టుల అయిదు ఇండ్లను పట్టుకోండి, రాత్రి అన్నాల యాళ్లకు పోండి, వీడియో పెట్టి వాళ్ల వెనుక కూసోండి. మీరు తెరను చూడొద్దు, వాళ్ల చేతులను చూడాలె. ఫోన్ చేతిలకు తీసుకున్న నిమిషం, గ్లాసు కోసం లేచిన నిమిషం, పక్కోళ్లను "ఏమన్నడు?" అని అడిగిన నిమిషం కాగితం మీద రాసుకోండి. అయిదు కాగితాలు పక్కపక్కన పెడితే మూడిట్ల ఒక్కటే నిమిషం కనపడుతది. అయితే ఆ నిమిషం ఒక్కటే కోసి పారేస్తే పని కాదు. అంతకు ముందున్న నిమిషంన్నర తెరిచి చూడండి, ఎవరికి ఏం కావాల్నో చెప్పుడు అక్కడనే మర్చిపోయి ఉంటరు.